కత్తెర ఎవరి చేతిలో ఉంది?

ఈ సంచిక పనులు మధ్యలో ఆపి మూడు రోజులు గండికోట వెళ్ళి వచ్చాను. కోట చూడడానికి కాదు. మనుషుల మాటలు రికార్డు చేయడం, వాటిని కంప్యూటర్ మీద కత్తిరించి అతకడం నేర్చుకుంటున్న పదకొండు మంది ఆడవాళ్ళతో కూర్చోవడానికి. వాళ్ళకు నేర్పేది జమ్మలమడుగు నుంచి వచ్చే ఒక అమ్మాయి. పన్నెండో విద్యార్థినిగా నేనూ చేరాను. ముప్పై ఏళ్ళకు పైగా టేపురికార్డరు సంచిలో వేసుకుని ఊళ్ళు తిరిగినదాన్నే. అయినా ఆ టేపులో ఏ మాట ఉండాలి, ఏ మాట పోవాలి అని నిర్ణయించే పని నా చేతులతో ఎప్పుడూ చేయలేదు. ఊరికి దూరంగా, ఏసీ గదిలో, ఇంకెవరో చేసేవారు. ఆ ఇంకెవరో దాదాపు ఎప్పుడూ మగవాడే.

హక్కుల పత్రికలో సంపాదకీయం రాయడానికి కంప్యూటర్ పాఠం తప్ప వేరే విషయమే దొరకలేదా అని కొందరు పాఠకులు అడగవచ్చు. వాళ్ళకు ఒక పాత సంగతి చెప్పాలి. చెప్పడానికి నాకు సిగ్గుగానే ఉంది.

నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళతో మొదలైన సారా వ్యతిరేక పోరాటం ఊరూరా పాకి ప్రభుత్వం మెడలు వంచింది. 1993 అక్టోబరు 1న రాష్ట్రమంతటా సారా నిషేధం అమల్లోకి వచ్చింది. ఆ చలికాలం నేను జమ్మలమడుగు వైపు పల్లెల్లో తిరుగుతూ ఆడవాళ్ళ మాటలు కాసెట్ల మీదికి ఎక్కించాను. ఒక ఊర్లో కూలికి పోయే ఒక అక్క ఇరవై నిమిషాలు మాట్లాడింది. "మా ఊర్లో సారాయి నిలిచిపోయింది. కానీ రాత్రిపూట ఇండ్లకాడికే తెచ్చిస్తాండారు. ఎవరు తెస్తాండారో అందరికీ ఎరికే" అంది. ఆ కాసెట్టును ఒక సంస్థకు ఇచ్చాను. వాళ్ళు తయారుచేసిన కార్యక్రమంలో ఆమె గొంతు అర నిమిషం కూడా లేదు. "మా ఊర్లో సారాయి నిలిచిపోయింది" అన్న చోట కోసేశారు. 'కానీ' దగ్గర నుంచి అంతా పోయింది.

ఊర్లో అందరూ అది విన్నారు. దొంగతనంగా సారాయి తెచ్చేవాళ్ళు "బాగా చెప్పినావు మ్మే" అని ఆమెను మెచ్చుకున్నారట. తోటి ఆడవాళ్ళు ఆమె వాళ్ళతో కుమ్మక్కయిందని మాట్లాడడం మానేశారు. నేను మళ్ళీ పోయినప్పుడు ఆమె నన్ను తిట్టలేదు. "నేను చెప్పిందంతా నీ డబ్బాలో ఉండాది గదా అక్కా, ఒకసారి అందరి ముందర వినిపీ" అంది. నా దగ్గర ఏముంది? ఉన్నది ఒకటే కాసెట్టు, అదీ ఇచ్చేశాను. వెళ్ళి అడిగితే దాని మీద వేరే రికార్డింగు ఎక్కించేశామన్నారు. ఆమె అబద్ధం చెప్పలేదని రుజువు చేసే వస్తువు లోకంలో ఒక్కటే ఉండేది. దాన్ని నేను పోగొట్టాను.

గండికోటకు పోయేటప్పుడు నా మనసులో ఉన్నది ఆ 'కానీ'.

గండికోట ఊరు కోట గోడల లోపలే ఉంది. పెన్నానది ఎర్రమల కొండలను చీల్చుకుని పోయే గండి అంచునే ఇళ్ళు. ఎప్పుడూ గాలి. సెలవు రోజుల్లో ఆ గాలికి పర్యాటకుల మోటారు సైకిళ్ళు, సెల్‌ఫోను పాటలు తోడవుతాయి. శిక్షణ ఒక మిద్దె ఇంట్లో. కింద కడప బండలు, చుట్టూ సున్నం గోడలు. మొదటి రోజు ఒకరి మాట ఒకరు ఫోన్లలో రికార్డు చేసుకుని వింటే బావిలోంచి మాట్లాడినట్టు వచ్చింది. ఆ అమ్మాయి గది మధ్య నిలబడి ఒకసారి చప్పట్లు కొట్టింది. చప్పుడు బండల మీద, గోడల మీద తగిలి తిరిగి వచ్చింది. "ఇదే మీ మాట వెనకాల వస్తాండేది" అంది. అరగంటలో ఇళ్ళ నుంచి కంబళ్ళు, బొంతలు వచ్చాయి. రెండు గోడలకు వేలాడదీశారు, కింద పరిచారు. మళ్ళీ చప్పట్లు కొడితే చప్పుడు అక్కడే చచ్చిపోయింది. వేలు పోసి కట్టే స్టూడియోలో గోడలకు చేసే పని కూడా ఇంతే, కాకపోతే మెత్తటి పలకలతో.

సాయంత్రం అందరినీ కోటలోని ధాన్యాగారానికి తీసుకుపోయింది. ఆ కమాను కప్పు కింద ఎవరు మాట్లాడినా గొంతు గుడిగంటలా మోగుతుంది. తమ గొంతు అంత గొప్పగా ఉంటుందని వాళ్ళకు అప్పుడే తెలిసిందేమో, వరసబెట్టి పాటలు పాడారు. ఇంటికొచ్చి వింటే ఒక్క మాట అర్థం కాలేదు. చెవికి గొప్పగా ఉండడం వేరు, మాట తెలియడం వేరు అని ఎవరూ పాఠం చెప్పాల్సిన పని లేకపోయింది.

ఇక యంత్రం సంగతి. గొంతు అంటే గాలిలో కదలిక. మైకు ఆ కదలికను కరెంటుగా మారుస్తుంది. పాత టేపురికార్డరు దాన్ని టేపు మీద అయస్కాంతపు గుర్తులుగా దాచేది. ఇప్పటి యంత్రం దాన్ని కొలిచి అంకెలుగా రాసుకుంటుంది. సెకనుకు 44,100 సార్లు కొలుస్తుంది. మనిషి చెవి సెకనుకు సుమారు 20,000 కంపనాల వరకే వినగలదు. దాన్ని సరిగ్గా పట్టుకోవాలంటే అంతకు రెట్టింపు కంటే కాస్త ఎక్కువ సార్లు కొలవాలి. అందుకే ఆ అంకె. ఇది విని ఒకామె "అంటే మా సంఘం పుస్తకం మాదిరి, అనిందంతా లెక్క రాసుకుంటాది" అంది. ఇంతకంటే బాగా చెప్పిన పుస్తకం నేను చదవలేదు.

లెక్క కాబట్టే ఎన్నిసార్లు నకలు తీసినా అరగదు. కాసెట్టు నుంచి కాసెట్టుకు ఎక్కించేటప్పుడు ప్రతిసారీ బుసబుస పెరిగేది గుర్తుందా? ఇక్కడ నూరో నకలు కూడా మొదటిదానితో సమానం. అయితే ఒక మెలిక ఉంది. వేవ్ అనే రూపంలో దాచితే మొత్తం లెక్క దాచినట్టు. ఒకే మైకు రికార్డింగు నిమిషానికి సుమారు 5 మెగాబైట్లు. ఎంపీత్రీ రూపంలో దాచితే అందులో పదో వంతుకు కుదించవచ్చు. మన చెవి అంతగా పట్టించుకోని భాగాలను అది పారేస్తుంది. పారేసినవి మళ్ళీ రావు. అందుకని అసలు రికార్డింగు వేవ్‌లో, పంచిపెట్టేది ఎంపీత్రీలో. వాట్సాప్‌లో పంపాల్సి వస్తే డాక్యుమెంటుగా పంపాలి, అప్పుడు ఫైలు ఉన్నది ఉన్నట్టు పోతుంది.

రికార్డు చేసేటప్పుడు పాటించాల్సినవి ఆ అమ్మాయి వంటింటి భాషలోనే చెప్పింది. ఫోను మనిషి నోటికి జానెడు దూరంలో ఉండాలి, ఎదురుగా కాకుండా కొంచెం పక్కకు, ఊపిరి తగలకుండా. ముందు ఫ్లైట్ మోడ్‌లో పెట్టాలి, లేకపోతే ఏడుస్తున్న మనిషి మధ్యలో బ్యాంకు లోను ఫోను వస్తుంది. గాలి ఉంటే మైకు మీద పలచటి స్పాంజి కట్టాలి, లేదా గాలికి వీపు పెట్టి కూర్చోవాలి. తెర మీద మట్టం చూపించే గీత సున్నా ముట్టకూడదు. గట్టిగా మాట్లాడినప్పుడు కూడా మైనస్ 12కు, మైనస్ 6కు మధ్య ఆగాలి. సున్నా దాటితే గొంతు చిట్లుతుంది. తక్కువగా వచ్చినదాన్ని తర్వాత కొంత పెంచుకోవచ్చు గానీ చిట్లినది పొయ్యిలోకి పొంగిన పాలే. మాట మొదలుపెట్టక ముందు పది సెకన్లు అందరూ నోరు మూసుకుని ఖాళీ గదిని రికార్డు చేయాలి. ఇదెందుకో మొదట ఎవరికీ అర్థం కాలేదు. రెండో రోజు తెలిసింది. ఆ ఖాళీ చప్పుడును యంత్రానికి నమూనాగా చూపిస్తే ఫ్యాను హోరు లాంటివి అది తగ్గిస్తుంది. అత్యాశకు పోయి మరీ ఎక్కువ తగ్గిస్తే మనిషి నీళ్ళలోంచి మాట్లాడినట్టు ఉంటుంది.

కత్తిరించడానికి వాళ్ళు వాడేది ఆడాసిటీ. 1999లో అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో డొమినిక్ మజ్జోని, రోజర్ డానెన్‌బర్గ్ దీన్ని మొదలుపెట్టారు. 2000లో బయటికి వచ్చింది. డబ్బు కట్టనక్కర లేదు, ఎవరికైనా నకలు ఇవ్వవచ్చు, లోపలి రాత కూడా అందరికీ తెరిచే ఉంటుంది. పాత లాప్‌టాప్‌లో కూడా పనిచేస్తుంది. జ్ఞానాన్ని తాళం వేసి అమ్ముకునే ఈ కాలంలో ఇది చిన్న విషయం కాదని నా అభిప్రాయం.

తెర మీద గొంతు కనిపిస్తుంది, గట్టిగా అన్నచోట లావుగా, మెల్లగా అన్నచోట సన్నగా, ఊరుకున్నచోట గీతలా. రెండు గంటలు గడిచేసరికి అక్షరాలు కూడబలుక్కుని చదివే ఒకామె వినకుండానే "ఇది దగ్గు, ఇది నవ్వు, ఇది బర్రె అరిచింది" అని చెప్పడం మొదలుపెట్టింది. గీత సన్నబడిన చోటే కోయాలి, మాట నడుమ కోస్తే టప్పున చప్పుడు వస్తుంది. అతుకు దగ్గర కొంచెం ఖాళీ గది చప్పుడు పెట్టాలి, లేకపోతే గుంటలో పడినట్టు ఉంటుంది. తప్పు కోస్తే కంట్రోలు, జెడ్ మీటలు కలిపి నొక్కితే చాలు, కోసింది తిరిగి వస్తుంది. "బతుకులో కూడా ఇట్లాంటి మీట ఉంటే" అని ఒకామె అంటే, "ఉంటే ముందు నీ పెండ్లి చెరిపేస్తావులేమ్మే" అని పక్కామె. ఆ నవ్వు కూడా రికార్డయింది. తీసేయొద్దని అందరూ పట్టుబట్టారు.

ఒక విషయంలో మాత్రం నాకు బాధ కలిగింది. మైకు ముందుకు రాగానే వీళ్ళ భాష మారిపోయింది. అప్పటిదాకా "యాడికి పోతాండావు" అన్న మనిషి "నేను ఎక్కడికి వెళ్ళుచున్నానంటే" అని మొదలుపెట్టింది. ఎందుకమ్మా అంటే "మా మాట రేడియోకు పనికొస్తాదా?" అని అడిగింది. సినిమాల్లో మన భాష బాంబులు వేసేవాడి నోట్లోనే విన్నాం గదా. కడపలో 1963 నుంచి ఆకాశవాణి కేంద్రం ఉన్నా, వీళ్ళలో ఎవరూ తమలా మాట్లాడే మనిషిని కార్యక్రమం నడిపే మనిషిగా ఊహించుకోలేకపోయారు. వినేవాళ్ళుగా, మహా అయితే ఉత్తరం రాసేవాళ్ళుగానే ఊహించుకున్నారు.

అందుకే రెండో రోజు రాత్రి నేను వాళ్ళకు మాచ్‌నూరు సంగతి చెప్పాను. జహీరాబాదు దగ్గర, అప్పటి మెదక్ జిల్లా, ఇప్పటి సంగారెడ్డి జిల్లాలోని చిన్న ఊరు అది. డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల్లోని దళిత స్త్రీలు అక్కడ సంఘం రేడియో నడుపుతున్నారు. గది కట్టుకున్నారు, యంత్రాలు తెచ్చుకున్నారు, పని నేర్చుకున్నారు. కానీ గాలిలోకి పంపడానికి ప్రభుత్వం అనుమతి ఇవ్వలేదు. ఏళ్ళ తరబడి కాసెట్ల మీద కార్యక్రమాలు రికార్డు చేసి సంఘం మీటింగుల్లో వినిపించుకుంటూ వచ్చారు. చిరుధాన్యాలు, విత్తనాలు, పాటలు, పసరు మందులు, అన్నీ వాళ్ళ మాటల్లోనే. 2008 అక్టోబరు 15న, గ్రామీణ మహిళల దినం నాడు, ఆ రేడియో 90.4 మెగాహెర్ట్జ్ మీద మొదలైంది. దాన్ని నడిపింది ఇద్దరు నర్సమ్మలు, జనరల్ నర్సమ్మ, ఆల్గోల్ నర్సమ్మ.

ఆ రోజు దాన్ని ప్రారంభించినది జస్టిస్ పి.బి.సావంత్. ఆయన్నే పిలవడానికి కారణం ఉంది. 1995 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ధర్మాసనంలో కూర్చుని, గాలిలో ఉండే తరంగాలు ప్రజల ఆస్తి అని తీర్పు రాసినవారు ఆయన. ఆ కేసు వేసింది క్రికెట్ ఆటలు ప్రసారం చేసుకోవాలనుకున్న బెంగాల్ క్రికెట్ సంఘం, ఆడవాళ్ళెవరూ కాదు. తీర్పు వచ్చిన ఏడెనిమిదేళ్ళకు విద్యాసంస్థలకు, 2006లో స్వచ్ఛంద సంస్థలకు రేడియో పెట్టుకునే దారి తెరిచారు. అదీ సొంతంగా వార్తలు చెప్పకూడదన్న షరతుతో. కూలిరేటు ఎంతయిందో, రేషను ఎందుకు రాలేదో చెప్పడం వార్తా, కాదా అన్నది ఎవరు తేలుస్తారు?

"అయితే అంతదాకా కాసెట్లే వినిపించినారా?" అని అడిగింది ఒకామె. అవును. అనుమతి వచ్చేదాకా వాళ్ళు ఆగలేదు. మన దగ్గర ఇంకా ముందే ఒక దారి ఉంది. తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీల జ్ఞాపకాలను స్త్రీశక్తి సంఘటన వాళ్ళు టేపుల మీద ఎక్కించి, 1986లో 'మనకు తెలియని మన చరిత్ర' పుస్తకంగా తెచ్చారు. పోరాట చరిత్రల్లో ఎక్కడా లేని మాటలు ఆ టేపుల్లో దొరికాయి. అడిగినవాళ్ళూ, ఎత్తిరాసినవాళ్ళూ, ఏది ఉంచాలో తేల్చుకున్నవాళ్ళూ ఆడవాళ్ళే కావడం ఇక్కడ ముఖ్యం.

మూడో రోజు అసలు పరీక్ష వచ్చింది.

గండికోట జలాశయం గురించి ఈ పత్రిక పాఠకులకు కొత్తగా చెప్పక్కర లేదు. పూర్తిగా నిండితే 26.85 టి.ఎం.సి.ల నీళ్ళు. కరువు సీమకు నీళ్ళు రావడం ఎవరికి వద్దు? అయితే ఆ నీళ్ళ కింద ఊళ్ళున్నాయి. 2020లో నీటిమట్టం పెంచినప్పుడు కొండాపురం మండలం తాళ్ళప్రొద్దుటూరులో ఇళ్ళలోకి నీళ్ళు వచ్చాయి, జనం రోడ్డెక్కారు. అలా ముంపు ఊళ్ళ నుంచి లేచి వచ్చిన ఒకామె మాటలను మన విద్యార్థినులు ఇద్దరు రికార్డు చేసుకొచ్చారు. ఆమె ఏ ఊరో, ఎవరో రాయను. ఎందుకో ముందు ముందు తెలుస్తుంది.

రికార్డింగు నలభై రెండు నిమిషాలు. దాన్ని ఎనిమిది నిమిషాలకు తగ్గించాలన్నది ఆ రోజు పని. ఇద్దరూ కష్టపడ్డారు. ఒకరికి ఇరవై రెండేళ్ళు, ఒకరికి నలభై దాటాయి. అతుకు ఎక్కడా తెలియలేదు, గాలి చప్పుడు లేదు, గొంతు గాజులా ఉంది. అందరం మెచ్చుకున్నాం. అప్పుడు ఆ అమ్మాయి అసలు రికార్డింగు తీసి ఒక ముక్క వినిపించింది.

"లిస్టులో మా ఆయన పేరుండాది. ఇంటికి డబ్బు వచ్చింది. నన్నిడిసి తొమ్మిదేండ్లాయ, ఆ డబ్బు నేను కండ్లజూసింది ల్యా."

కత్తిరించినదాంట్లో మొదటి రెండు వాక్యాలే ఉన్నాయి. మూడోది లేదు.

ఎందుకు తీసేశారని అడిగితే, "ఇంటి గుట్టు గదా అక్కా, ఊరంతా వింటాది. ఆమె పరువు పోతాదని" అంది పెద్దామె. కుట్ర ఏమీ లేదు. మంచి మనసుతోనే తీసేసింది. నాకు మాత్రం ఒళ్ళు జలదరించింది. 1993లో నా కాసెట్టును కోసినవాడు కూడా ఏదో ఒక మంచి కారణమే చెప్పుకుని ఉంటాడు. సమయం చాలదనో, పండగపూట చేదు మాటలెందుకనో. కత్తెర మగవాడి చేతి నుంచి మన చేతికి వచ్చింది కదా అని సంతోషించే లోపల అది అదే పని మళ్ళీ చేసింది. డబ్బు అందని మనిషి, వినేవాళ్ళకు డబ్బు అందుకున్న మనిషిగా మారిపోయింది.

తీసేసింది ఎంత విలువైన వాక్యమో చూడండి. 2014 జనవరి 1న అమల్లోకి వచ్చిన భూసేకరణ, పునరావాస చట్టంలో కుటుంబం అంటే ఏమిటో చెప్పిన చోట, వితంతువులను, విడాకులు పొందిన స్త్రీలను, కుటుంబాలు వదిలేసిన స్త్రీలను వేరే కుటుంబాలుగా లెక్కించాలని రాసి ఉంది. ఏ ముంపు ఊరికి ఏ ఉత్తర్వు కింద పరిహారం లెక్కకట్టారన్నది న్యాయవాదులు కాగితాలు చూసి తేల్చాల్సిన విషయం. అయినా వదిలివేయబడిన స్త్రీ తనంతట తానే ఒక కుటుంబం అన్న సూత్రాన్ని చట్టం ఒప్పుకుంది. ఆమె హక్కు మొత్తం నిలబడేది "నన్నిడిసి తొమ్మిదేండ్లాయ" అన్న ఆ మాట మీదే. మనం ఇంటి గుట్టు అని పక్కన పడేసేవే చాలాసార్లు చట్టం దగ్గరికి పోయేసరికి సాక్ష్యాలవుతాయి. కొట్టడం ఇంటి గుట్టుగా ఎన్ని తరాలు ఉండిందో మనకు తెలియదా?

అక్కడ పెద్ద వాదనే జరిగింది. చిన్నమ్మాయి "అట్లయితే అన్నీ పెట్టేద్దాం" అంది. అదీ తప్పే. ఆమె గుట్టును దాచడానికి మనకు ఎంత హక్కు లేదో, బయటపెట్టడానికీ అంతే లేదు. అత్యాచారానికి గురైన స్త్రీని గుర్తుపట్టేలా వివరాలు బయటపెట్టడం నేరం. పాత శిక్షాస్మృతిలో 228ఏ గా ఉన్న ఆ నియమం 2024 జులై 1 నుంచి భారతీయ న్యాయ సంహితలో 72వ సెక్షను. గొంతు కూడా గుర్తుపట్టించే వివరమే. గొంతును సన్నగానో లావుగానో మార్చేస్తే సరిపోతుందని కొందరు అనుకుంటారు. మార్చిన గొంతును అదే యంత్రంతో వెనక్కి తేవచ్చు. అటువంటప్పుడు ఆమె మాటలను ఇంకో ఆడమనిషి చదవడమే మంచిది.

ఇంకో సంగతి కూడా ఆ వాదనలో తేలింది. కత్తిరించినది వినడానికి పనికొస్తుంది గానీ రుజువుకు పనికిరాదు. అదే 2024 జులై 1 నుంచి సాక్ష్య చట్టం స్థానంలో వచ్చిన భారతీయ సాక్ష్య అధినియంలో 63వ సెక్షను ప్రకారం ఇటువంటి రికార్డుకు ధ్రువపత్రం జతచేయాలి. పత్రంలో ఆ ఫైలు హాష్ విలువ రాయాలి. ఫైలుకు అది వేలిముద్ర లాంటిది, ఒక్క సెకను కోసినా మారిపోతుంది. నాలుగు మాటలు వింటే చాలు, ఎవరి గొంతునైనా అనుకరించే యంత్రాలు వచ్చిన రోజులివి. "ఇది నీ గొంతు కాదు" అని రేపు ఆమెతో ఎవరైనా అనవచ్చు. కాబట్టి రికార్డయిన రోజే అసలు ఫైలును ముట్టుకోకుండా రెండు చోట్ల దాచి, తేదీ, స్థలం, ఎవరు రికార్డు చేశారో కాగితం మీద రాసిపెట్టి, నకలు మీదే కత్తెర పెట్టాలి. ఈ ఒక్క అలవాటు 1993లో నాకు ఉండి ఉంటే!

మధ్యాహ్నం తర్వాత ఆమెనే పిలిపించారు. యాభై దాటిన మనిషి. చెవులకు హెడ్‌ఫోను పెడితే మొదట ఉలిక్కిపడింది, తర్వాత కళ్ళు మూసుకుని విన్నది. ఎనిమిది నిమిషాలూ అయ్యాక "బాగుండాది. కానీ ఇది నేను చెప్పింది కాదు" అంది. 'కానీ' అన్న ఆ మాట ఆమె నోట్లోంచి వచ్చేసరికి నేను తల వంచుకున్నాను. పోయిన వాక్యం వినిపించి, ఉంచమంటావా తీసేయమంటావా అని అడిగారు. ఆమె చాలాసేపు ఆలోచించింది. చిన్న కూతురికి సంబంధం చూస్తున్నారట. ఊర్లో వినిపించేదాంట్లో మూడో వాక్యం వద్దు, అయితే డబ్బు వచ్చిందన్న మాట కూడా వద్దు, రెండూ తీసేయండి అంది. ఆఫీసులో వినిపించేదాంట్లో మాత్రం ఒక్క మాట పోకూడదు. ఒకే అసలు నుంచి రెండు కూర్పులు. పన్నెండు మందిమి పొద్దున్నుంచి కొట్టుకున్నా మాకు తట్టని దారి అది.

సాయంత్రానికి రెండూ తయారయ్యాయి. చిన్నమ్మాయే కూర్చుని చేసింది, పెద్దామె పక్కన కాగితం మీద ఎన్నో నిమిషంలో ఏ మాట పోయిందో రాసుకుంది. ఇకపై ప్రతి కూర్పుకూ అటువంటి కాగితం ఒకటి ఉండాలని, మాట్లాడిన మనిషి విని సరేనన్నాకే బయటికి పోవాలని వాళ్ళలో వాళ్ళే నిర్ణయించుకున్నారు.

పోయేటప్పుడు ఆమె కూర్పులు రెండూ అక్కడే వదిలేసి, "నలభై రెండు నిమిషాలదీ నాకియ్యండి" అని అడిగింది. మెమరీ కార్డులో వేసిచ్చారు. గోరంత ఉన్న దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, వక్కాకు తిత్తిలో వేసుకుని మూతి బిగించింది. ఇంకో నకలు మా ఆఫీసు బీరువాలో ఉంది, ఇంకోటి ఆ అమ్మాయి దగ్గర.

గడప దాటుతూ వెనక్కి తిరిగింది. "సోమవారం కడపలో అర్జీలు తీసుకుంటారంట. నాతో ఎవరొస్తారు?"

రికార్డు చేసిన ఇద్దరూ లేచారు. మొదటి బస్సుకు పోదామన్నారు.